పర్మిషన్ ఎర్రర్ ఫిక్స్ చేస్తానన్నవాడికి కోడ్ ఇచ్చేముందు ఇది చదవండి

డెస్క్‌టాప్ యాప్‌లో 'యాక్సెస్ డినైడ్' ఒక్క రోజులో పోగొడతానని ఫ్రీలాన్సింగ్ సైట్లో గిగ్ (పని చేసిపెడతానన్న ప్రకటన) పెట్టుకుని తిరుగుతున్నాడే, అతని గురించే. ఫ్రీలాన్సర్లకి పనులిచ్చేవాళ్లకి ఆ ప్రొఫైల్ కంటబడే ఉంటుంది. నిన్నటి నుంచి కడుపు మండిపోతోంది.

మాది చిన్న సీ షార్ప్ యాప్. సెట్టింగ్స్ ఫైలు విండోస్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో, ఎగ్జి (యాప్‌ని నడిపే ఫైలు) పక్కనే రాసేది. అడ్మిన్ కాని యూజర్ సేవ్ నొక్కితే క్రాష్. ఆ ఫోల్డర్లో మామూలు యూజర్‌కి రాసే హక్కుండదు, కాబట్టి ఫైలుని యాప్‌డేటాకి (ఒక్కో యూజర్‌కి విడిగా, రాసే హక్కుతో ఉండే ఫోల్డర్) మార్చమని అతనికి విడమర్చి రాశాను. సరే అన్నాడు. రెండో రోజే ఇచ్చాడు. నడిచింది. యాక్సెప్ట్ నొక్కి ఐదు స్టార్లు ఇచ్చాను.

నిన్న కస్టమర్ ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఆవిడ ఫోన్ చేసి, "మీ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ ఒకసారి చూడండి సార్" అన్నారు. చూశాను. ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్. కోడ్‌లో యాప్‌డేటా ఊసే లేదు. ఇన్‌స్టాలర్ స్క్రిప్టు చివర ఒక్క లైను చేర్చి ఫోల్డర్ మొత్తాన్ని బార్లా తెరిచేశాడు. ఆ మెషిన్లో లాగిన్ అయ్యే ఎవరైనా మా ఎగ్జి తీసేసి అదే పేరుతో ఇంకోటి పెట్టొచ్చు. దాన్ని ఎవరైనా రన్ యాజ్ అడ్మిన్ చేస్తే ఇక ఆ మెషిన్ వాళ్లదే.

సేవ్ ఫంక్షన్ తెరిస్తే ఇంకా దారుణం. ట్రై, క్యాచ్. ఎర్రర్ వస్తే ఏం చేయాలో క్యాచ్‌లో రాయాలి, ఆ బ్రాకెట్ల మధ్య ఏమీ లేదు. ఫైలు రాయలేకపోయినా యూజర్‌కి చెప్పదు, లాగ్‌లో పెట్టదు, 'సేవ్ అయింది' అని చూపిస్తుంది. నమ్మి పనిచేసుకునే మనిషికి అబద్ధం చెప్పే కోడ్ అది.

అడిగాను. వచ్చిన జవాబు: "ఎర్రర్ వస్తోందా? రావట్లేదుగా. మీరడిగింది అదే." యాప్‌డేటాకి మార్చమన్న నా మెసేజే తిరిగి పంపాను. చూశాడు. గంటలో బ్లాక్ చేశాడు. యాక్సెప్ట్ చేశాక డబ్బు వెనక్కి రాదని సైటువాళ్లు తేల్చేశారు.

నా తప్పూ ఉంది. ఏ ఫైళ్లు మారాయో డిఫ్ (పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ తేడా చూపేది) తెరిచి చూడాల్సింది, చూడలేదు. నన్ను నమ్మినవాళ్ల మెషిన్లలోకి ఆ ఇన్‌స్టాలర్ నా పేరుతోనే వెళ్లింది. కొత్త వెర్షన్ పైన ఎక్కించినంత మాత్రాన ఫోల్డర్‌కి పడ్డ పాత పర్మిషన్ పోదు, ఒక్కోచోట ఎవ్రీవన్‌ని విడిగా తీసేయాలి. అదే పనిలో ఉన్నాను.

మీరెవరైనా ఇలాంటి పని బయటికి ఇస్తే డిఫ్ చదవండి, అడ్మిన్ కాని అకౌంట్లో నడిపి చూడండి, ఇన్‌స్టాల్ అయ్యాక సెక్యూరిటీ ట్యాబ్ తెరవండి. యాప్ మేనిఫెస్ట్‌లో రిక్వైర్ అడ్మినిస్ట్రేటర్ పెట్టి (అంటే ఎప్పుడూ అడ్మిన్‌గానే నడిచేలా చేసి) ఇచ్చినా, లినక్స్‌లో 777 కొట్టి (అంటే అందరికీ అన్ని హక్కులూ తెరిచి) ఇచ్చినా తిప్పి పంపండి. యాక్సెప్ట్ ఆ తర్వాతే.