ఆన్‌లైన్ కౌన్సెలింగ్: రెండేళ్లు వాడాక నా మాట

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ పనిచేస్తుందా అని ఎవరైనా అడిగితే, దేనికి అని నేను ఎదురు అడుగుతా. మేం మూడింటికి వాడాం: మా ఇద్దరి గొడవలకి, మా వాడి ఫోన్ పిచ్చికి, మా ఆయన తాగుడికి. రెండేళ్లు దాటింది, మధ్యలో యాప్ మారాం, కౌన్సెలర్లు అంతకంటే ఎక్కువే మారారు. మొగుడూపెళ్లాల గొడవలకి బాగా పనికొచ్చింది, పిల్లాడి విషయంలో అనుకున్నదానికంటే బాగా పనికొచ్చింది, తాగుడికి మాత్రం సగమే. ఆ సగం ఎక్కడ ఆగిపోతుందో ముందే తెలిసుంటే మాకు బోలెడు టైమూ డబ్బూ మిగిలేవి.

మొదట ఒకే ఫోన్ ముందు ఇద్దరం కూర్చునేవాళ్లం. మా ఆయన మెల్లగా పక్కకి జరిగి జరిగి చివరికి కౌన్సెలర్‌కి భుజం ఒక్కటే కనిపించేది. ఇద్దరం ఒకేసారి మాట్లాడితే ఇంకో చిక్కు, గట్టిగా మాట్లాడేవాళ్ల గొంతే అవతలికి వెళ్లి రెండోది ముక్కలు ముక్కలైపోయేది. ఎదురుగా కూర్చుంటే నాది చిన్న గొంతైనా కనీసం వినబడుతుంది, ఇక్కడ అసలు చేరదు. మొదటి కౌన్సెలర్ ఇది పట్టించుకోలేదు. తర్వాత వచ్చినావిడ ఒక్కసారి చూసి, "ఈసారి వేరే వేరే గదుల్లోంచి, వేరే ఫోన్లలో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రండి" అన్నారు. ఒకే ఇంట్లో గోడకి అటొకరు ఇటొకరు కూర్చుని వీడియో కాల్ ఏంటని నవ్వొచ్చింది. కానీ ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మ్యూట్‌లో ఉండాలన్నది ఆవిడ రూలు, దాంతో ఆయన మాట నేను, నా మాట ఆయన మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నాం, అది ఎన్నాళ్లకో.

ఆవిడ ఎక్కువగా చెప్పింది జాన్ గాట్‌మన్ అనే అమెరికన్ సైకాలజిస్టు పద్ధతి. జంటల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తూ దశాబ్దాలపాటు గమనించిన మనిషి ఆయన. కాపురాన్ని పాడుచేసేవి నాలుగంటారు: పనిని కాకుండా మనిషినే తప్పుబట్టడం, చులకన చేయడం, ప్రతిదానికీ సమర్థించుకోవడం, నోరు మూసుకుని బిగుసుకుపోవడం. అన్నిటికంటే ప్రమాదం చులకన. మా ఇంట్లో మొదటిదీ నాలుగోదీ జంటగా తిరిగేవి. గొడవలో గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే ఏ మాటా బుర్రకెక్కదు, కనీసం 20 నిమిషాలు విడిగా ఉండి రండి, ఆ కాసేపూ మనసులో పాత వాదనే తిప్పుకోవద్దు అనేవారు. మా ఇంట్లో ఇది నిలబడింది. ఒకటి గట్టిగా చెప్పాలి, ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే జంట సెషన్ వద్దు. మంచి కౌన్సెలర్ ముందే ఇద్దరితో విడివిడిగా మాట్లాడి ఆ సంగతి అడుగుతారు. మమ్మల్నీ అడిగారు, అదీ అవును, కాదు అని చెప్తే సరిపోయే ప్రశ్నలే వేశారు, పక్క గదిలో ఎవరు వింటున్నారో అవతలివాళ్లకి తెలియదు కదా.

మా వాడికి పద్నాలుగేళ్లు. వాడి కోసమని చేరితే పనంతా మాకే పెట్టారు. "నిన్న రాత్రి ఫోన్ పక్కన పెట్టమని ఏమన్నారో అవే మాటలు చెప్పండి" అని అడిగితే చెప్పాను. ఒక్క గుక్కలో ఫోను, మార్కులు, కళ్లజోడు, వాళ్ల పెదనాన్న కొడుకు అన్నీ వచ్చేశాయి. ఒకసారికి ఒకటే చెప్పాలట, వంటింట్లోంచి అరవకుండా దగ్గరికెళ్లి చెప్పాలట, చేశాక 'గుడ్ బాయ్' అనకుండా 'చెప్పగానే ఛార్జింగ్‌లో పెట్టేశావ్' అని చేసిన పనిని మెచ్చుకోవాలట. ఇంతేనా అనిపిస్తుంది, చేస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. వాడితో మాట్లాడినప్పుడు మాత్రం కెమెరా ఆపేసుకుని టైప్ చేస్తానంటే ఒప్పుకున్నారు, నోటితో మూడు ముక్కలు మాట్లాడనివాడు చాట్‌లో పేరాలు పేరాలు రాశాడు. ఏం రాశాడో మాకు చెప్పలేదు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే తప్ప చెప్పనని మొదటిరోజే అన్నారు, మా ఆయనకి అది మింగుడుపడలేదు గానీ వాడు నోరు విప్పింది అందుకే.

యాప్‌ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. 'ఎన్ని మెసేజ్‌లైనా పెట్టుకోవచ్చు' అంటారు, జవాబు రోజుకొకటి వస్తే గొప్ప. కౌన్సెలర్ మానేస్తే కథంతా మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలి. వివరాల సంగతి మాత్రం చూసుకోండి. వాడకందారుల ఆరోగ్య వివరాల్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందన్న ఆరోపణ మీద 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, బెటర్‌హెల్ప్ కంపెనీతో 78 లక్షల డాలర్లు కట్టించింది. అది చదివాక నేను వేరే మెయిల్ ఐడీ పెట్టుకున్నా.

ఇక తాగుడు. స్క్రీన్‌లో వాసన రాదు. జోకు కాదు, మా ఆయన సాయంత్రం సెషన్‌కి తల దువ్వుకుని ఉతికిన చొక్కా వేసుకుని కూర్చుంటే అవతలివాళ్లకి అంతా బాగానే కనబడేది. మొదటి యాప్‌లో కౌన్సెలర్ నెలలతరబడి "మనసు గట్టి చేసుకోండి, రేపట్నుంచి పూర్తిగా మానేయండి" అనే చెప్పాడు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషికి ఇది ప్రమాదకరమైన సలహా. ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి ఒళ్లంతా వణుకు, అయోమయం, లేనివి కనబడటం మొదలవ్వచ్చు, దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఇది తర్వాతి కౌన్సెలర్ చెప్తేగానీ మాకు తెలియలేదు. ఆవిడ మొదటిరోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే 10 ప్రశ్నలు అడిగారు. మొత్తం 40 మార్కులకి 8 వచ్చినా జాగ్రత్తపడాలి, మా ఆయనకి 20 దాటింది. "ముందు సైకియాట్రిస్టుని నేరుగా కలవండి, అప్పటిదాకా నేను సెషన్ పెట్టను" అన్నారు. డబ్బులొచ్చే సెషన్‌ని తనంతట తానే ఆపిన మనిషిని అప్పుడే చూశా. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచి, మాత్రలతో, బీ1 విటమిన్‌తో ఆ గండం దాటించారు.

ఆన్‌లైన్ ఉపయోగం ఆ తర్వాతే మొదలైంది. "మానడం మీకెంత ముఖ్యం, సున్నా నుంచి పదిలో చెప్పండి" అని అడిగితే ఆయన నాలుగన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం "నాలుగెందుకు, ఒకటి ఎందుకు కాదు?" అన్నారు. కాసేపాగి, "నేను హాల్లోకి రాగానే మా వాడు లేచి వెళ్లిపోతున్నాడు" అన్నారు మా ఆయన. నేను ఎంత మొత్తుకున్నా రాని మాట అది. విలియం మిల్లర్ అనే ఆయన 1983లో మొదట రాసిన పద్ధతట, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు, కారణాలు మనం చెప్పకుండా వాళ్లచేతే చెప్పించడం. నాకు విడిగా క్రాఫ్ట్ అనే పద్ధతి నేర్పారు, అది తాగేవాళ్లకి కాదు, ఇంట్లోవాళ్లకి. తాగిన పూట వాదన పెట్టుకోకూడదు, తాగని సాయంత్రం ఆయనకి నచ్చింది ఏదో ఒకటి కలిసి చేయాలి, మర్నాడు లేవలేకపోతే జ్వరమని ఆఫీసుకి నేను ఫోన్ చేయకూడదు. ఈ చివరిది భలే కష్టం.

మధ్యలో ఒకసారి మళ్లీ తాగారు. పొద్దున్నే ఆయనే మెసేజ్ పెట్టారు కౌన్సెలర్‌కి. ఆవిడ తిట్టలేదు, అంతకుముందు గంటలో ఏం జరిగిందో నిమిషం నిమిషం అడిగి రాసుకున్నారు, డాక్టర్‌కీ చెప్పారు. మీకూ ఇదే సమస్యైతే చేరేముందు కౌన్సెలర్‌ని ఒక్కటి అడగండి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపుతారా, ఆ డాక్టర్‌తో మాట్లాడతారా అని. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.