ఆరేళ్లు వాడాక పేపర్ కటింగ్‌ల గురించి నా మాట

కిందటి వారం బీరువా పై అర దులిపి, నా దగ్గరున్న పేపర్ కటింగ్‌లన్నీ, అంటే గుడ్డ మీద పెట్టి బట్టలు కత్తిరించుకునే కాగితం నమూనాలన్నీ (ఇంగ్లిష్‌లో ప్యాటర్న్‌లు), మంచం మీద పరిచాను. షాపులో కొన్నవి, నెట్‌లో కొని ప్రింటు తీయించినవి, నేనే గీసుకున్నవి కలిపి 27 తేలాయి. ఈ ఆరేళ్లలో వాటిలో గుడ్డ మీద పెట్టి కత్తిరించినవి 9. మళ్లీ మళ్లీ వాడినవి 4. మిగిలిన వాటి కోసం కొన్న గుడ్డలు ఇంకా మడతల్లోనే ఉన్నాయి. అది చూశాక చాలా బాధేసింది. కొత్తగా ఇంట్లో కుట్టుకోవడం మొదలుపెట్టిన వాళ్లకి ఈ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట విజయవాడ వన్‌టౌన్‌లో టైలరింగ్ సామాన్లు అమ్మే షాపులో కొన్న బ్లౌజు కటింగ్‌ల సెట్ గురించి. 28 నుంచి 44 దాకా సైజుల వారీగా వస్తాయి. చంక రౌండు ఎలా తిరగాలి, క్రాస్ పీస్ (ఏటవాలుగా కోసే ముక్క) ఎటు పడాలి అన్నది నాకు కళ్లకి కట్టింది ఈ కాగితాల వల్లే. మా చెల్లెలికి 34 సైజు కటింగ్ ఏ మార్పూ లేకుండా సరిపోయింది. నాకు మాత్రం 38తో భుజం జారింది. ఈ సెట్లలో చాతీ పెరిగే కొద్దీ భుజం, మెడ కూడా పెంచుకుంటూ పోతారు. పిల్లలు పుట్టాక నాకు చాతీ పెరిగింది గానీ భుజం పెళ్లినాటిదే. రెండేళ్లు మెడ లోతు తగ్గిస్తూ, భుజం దగ్గర కుట్లు వేస్తూ అవస్థపడ్డాను. చివరికి 36 కటింగ్ తీసుకుని, భుజం, మెడ అలాగే ఉంచి, ముందు ముక్కలో డాటు (చాతీ ఆకారం కోసం వేసే మడత కుట్టు) దగ్గర, పక్క కుట్టు దగ్గర పెంచాను. మొదటిసారే కుదిరింది. అమెరికా ప్యాటర్న్‌లలో కూడా చంకల కింద నుంచి, చాతీకి పైన కొలిచి సైజు ఎంచుకోమని, తర్వాత చాతీ దగ్గర పెంచుకోమని చెబుతారని ఆ తర్వాత తెలిసింది. భుజం సరిచేయడం కష్టం, పక్క కుట్టు సరిచేయడం తేలిక. అందుకే భుజానికి సరిపోయే సైజే కొనండి.

ఇక విదేశీ ప్యాటర్న్‌లు. 1863లో అమెరికాలో బటరిక్ అనే దర్జీ సైజుల వారీగా కాగితం ప్యాటర్న్‌లు తయారుచేశాడు. ఇప్పటికీ ఆ పేరుతో ప్యాటర్న్‌లు వస్తున్నాయి. వీటిలో మనం మొదట తడబడేది సైజు నంబరు దగ్గరే. నా చాతీ 38 అంగుళాలు. మన షాపులో నాకు 38 అనే ఇస్తారు. బటరిక్, మెకాల్స్, సింప్లిసిటీ అనే అమెరికా కంపెనీల పట్టికలో అదే కొలతకి సైజు 16. జర్మనీ వాళ్ల బుర్దాలో 42. రెడీమేడ్ కుర్తీ మీద ఉండే నంబరు చూసి ప్యాటర్న్ కొంటే పొరపాటే.

సైజు కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ప్యాటర్న్ కవరు మీద ఇచ్చే పట్టిక ఒంటి కొలతలది. కుట్టాక బట్ట ఎంత లూజు వస్తుందో వేరే చోట, ఒక్కోసారి కాగితం ముక్క మీదే రాసి ఉంటుంది. చూడాల్సింది అది. నాకు హాయిగా ఉండే పాత కుర్తీని నేల మీద పరిచి చంక కింద టేపు పెడితే 21 అంగుళాలు వచ్చింది, అంటే చుట్టూ 42. అప్పటినుంచి కుర్తీ ప్యాటర్న్‌లో కుట్టాక వచ్చే కొలత 42కి దగ్గరగా ఉంటేనే తీసుకుంటున్నాను. బ్లౌజుకి అంగుళంన్నర లూజు ఉంటే నాకు చాలు. మే నెలలో ఇంట్లో వేసుకునే నైటీకి ఎంత లూజున్నా మంచిదే, ఇక్కడి ఎండకి ఒంటికి అంటుకునేది ఏదీ వేసుకోలేం. కుట్లకి ఎంత వదిలారో కూడా ముందే చూసుకోవాలి. పైన చెప్పిన అమెరికా ప్యాటర్న్‌లలో మామూలుగా అంగుళంలో ఎనిమిదో వంతులు ఐదు కలిపే గీస్తారు. బుర్దా పత్రికలో వచ్చేవాటిలో అసలు కలపరు, మనమే చుట్టూ వదులుకుని కత్తిరించాలి.

పీడీఎఫ్ కొంటే ప్రింటు దగ్గర జాగ్రత్త. నా మొదటి కుర్తీ ప్యాటర్న్‌ని దగ్గరలోని జిరాక్స్ షాపులో ఇచ్చాను. అతను పేజీకి సరిపోయేలా కాస్త తగ్గించి ప్రింటు తీశాడు. 30కి పైగా ఏ4 కాగితాలు రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అంటించాను. కొలత చూసుకోవడానికి ఇచ్చే గడి మీద టేపు పెట్టలేదు. 42 రావాల్సింది 40 వచ్చింది. చేతులు ఎక్కలేదు. దాచుకున్న నేరేడు పండు రంగు గుడ్డ పోయింది. ఆ గుడ్డ గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఇప్పుడు వంద శాతం సైజులోనే తీయమని చెప్పి, గడి ఉన్న ఒక్క పేజీ ముందు తీయించి, అక్కడే కొలిచి, ఆ తర్వాతే మిగతావి ఇమ్మంటాను. ఇంకా మంచి దారి, ఇళ్ల ప్లాన్లు ప్రింటు తీసే షాపుకి వెళ్లడం. ఒక ఏ0 కాగితం 16 ఏ4 కాగితాలంత ఉంటుంది కాబట్టి అంటించే పనే ఉండదు.

ఇంత చూసుకుని కొన్నా నా ప్యాటర్న్‌లలో ఎక్కువ మూల పడటానికి అసలు కారణం వేరు. ఫొటోలో మోడల్ వేసుకున్నది చూసి ప్యాటర్న్ కొనేదాన్ని, తర్వాత దానికి గుడ్డ వెతికేదాన్ని. మన ఊళ్లో అది తిరగబడాలి. ఇక్కడ మనకి ముందు దొరికేది గుడ్డ. పక్కనే మంగళగిరి, కాస్త దూరంలో పెడన. విజయవాడలోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్తే ఏదో ఒకటి కొనకుండా రాలేం. కాబట్టి ఆ గుడ్డకి ఏ ప్యాటర్న్ తగునో చూడాలి.

మంగళగిరి నూలు గుడ్డనే తీసుకోండి. దాని అందమంతా జరీ అంచులో ఉంది. ఆ అంచు గుడ్డ పొడవునా పోతుంది. కుర్తీ కింది అంచుగా అది రావాలంటే ప్యాటర్న్‌ని అడ్డంగా తిప్పి పెట్టాలి. అప్పుడు గుడ్డ పన్నాయే (వెడల్పే) కుర్తీ పొడవు అవుతుంది. నా గుడ్డ 44 అంగుళాల పన్నా, భుజం కుట్టు పోగా 42 అంగుళాల పొడవు కుర్తీ సుఖంగా వచ్చింది. కింద మడవక్కర్లేదు, అంచే మడత. ముందు, వెనక, చేతులు కలిపి 2 మీటర్లు సరిపోయింది. అయితే కింది గీత తిన్నగా ఉండే ప్యాటర్న్‌కే ఇది కుదురుతుంది. అంబ్రెల్లా కట్‌లో కింద గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అంచు కోసి పారేయాల్సి వస్తుంది. నా దగ్గరున్న నాలుగు అంబ్రెల్లా ప్యాటర్న్‌లు అందుకే కదల్లేదు. పాపకి కుచ్చుల గౌను, పరికిణీ మాత్రం అంచు గుడ్డ కోసమే పుట్టినట్టు ఉంటాయి.

పెడన కలంకారీకి ఇంకో లెక్క. చెట్లు, నెమళ్లు ఉన్న గుడ్డయితే ముక్కలన్నీ ఒకే వైపు తల పెట్టి కోయాలి, లేకపోతే వెనక నెమలి తలకిందులవుతుంది. అందుకని నేను అర మీటరు ఎక్కువ తీసుకుంటాను. ఎక్కువ ముక్కలున్న ప్రిన్సెస్ కట్‌లో బొమ్మ మధ్యకి తెగిపోతుంది, అలాంటి గుడ్డకి తక్కువ కుట్లున్న తిన్నని ప్యాటర్న్ మంచిది. ఏ నూలు గుడ్డయినా రాత్రంతా నానబెట్టి, నీడన ఆరేశాకే కత్తెర పెట్టండి.

ఇవన్నీ బుర్రలో ఉండవు కాబట్టి మూడేళ్లుగా ఒక రూళ్ల పుస్తకం పెట్టాను. ఒక్కో గుడ్డకి ఒక పేజీ. చిన్న ముక్క పిన్ను చేసి, పన్నా, మీటర్లు, తడిపానా లేదా, ఏ ప్యాటర్న్, ఎవరికి, ఎప్పటికి అని రాస్తాను. కుట్టాక ఏం మార్చానో కూడా అదే పేజీలో రాస్తాను. ఫిబ్రవరి, మార్చిలో ఎండాకాలం నైటీలు, పాపకి చేతుల్లేని గౌన్లు. శ్రావణానికి బ్లౌజులు. దసరాకి పరికిణీ. దసరా ముందు మా వీధి టైలరక్క కొత్తవి తీసుకోదు, ఓవర్‌లాక్ (పోగులు ఊడకుండా అంచుకి వేసే కుట్టు) కూడా ఆలస్యం చేస్తుంది, అందుకే వినాయక చవితిలోపే కత్తిరింపులు అయిపోవాలని గడువు పెట్టుకున్నాను. ఒకే రంగు దారం పట్టేవి రెండు మూడు కలిపి కోస్తే బాబిన్ (మిషన్‌లో కింది దారం చుట్టేది) మార్చే పని తగ్గుతుంది. నాకు సగం పని అక్కడే తేలికైంది.

కొనాలా వద్దా అంటే, బ్లౌజు కటింగ్ కొనండి, మీ భుజానికి సరిపోయే సైజుది. పీడీఎఫ్‌లలో ఒక తిన్నని కుర్తీ, ఒక పైజామా చాలు. పిల్లల బట్టలకి ప్యాటర్న్ కొనకండి, సరిపోయే గౌను పరిచి బ్రౌన్ పేపర్ మీద గీసుకోవడమే నయం. బాగా కుదిరిన కటింగ్‌ని మాత్రం వెంటనే చార్టు మీదకి ఎక్కించండి, బ్రౌన్ పేపర్ మడతల దగ్గర ఏడాదికే చిరిగిపోతోంది.

నా పుస్తకంలో తర్వాతి పేజీ పసుపు మంగళగిరి గుడ్డ, 3 మీటర్లు, నిన్ననే తడిపి ఆరేశాను. పాపకి పరికిణీ, మిగిలితే మా అత్తగారికి చేతి సంచి. పాప నడుము నుంచి పాదం దాకా 29 అంగుళాలు వచ్చింది, 31కి కోసి లోపల రెండు టక్కులు వేస్తున్నాను, వచ్చే దసరాకి విప్పడానికి.