డబ్బా మీద 1200, అడుగున 300: క్లాక్ టవర్ దగ్గర రౌటర్ కొనేవారు జాగ్రత్త

క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గర్లో ఉన్న ఆ కంప్యూటర్ దుకాణం పేరు నేను రాయడం లేదు. నల్లగొండలో ఉండేవారికి రాయవలసిన అవసరం కూడా లేదు. నిన్న ఉదయం అక్కడ జరిగిన అవమానం ఇంకా ఒంట్లోంచి దిగలేదు కాబట్టి, వరుస తప్పితే మన్నించండి.

విషయం చిన్నదే. మాది పానగల్లు వైపు కొత్తగా స్లాబు వేసుకున్న ఇల్లు. ఫైబర్ కనెక్షన్ వాళ్లు పెట్టి వెళ్లిన పెట్టె కింది హాల్లో ఉంది. ఎప్‌సెట్‌కు చదువుతున్న మా అమ్మాయి పై గదిలో ఆన్‌లైన్ పరీక్ష రాస్తుంటే సగంలో ఆగిపోతోంది. మెట్ల పక్క నుంచి పైకి లాన్ వైరు లాగి, అక్కడ ఇంకో రౌటర్ పెట్టుకోవాలని నేనే తేల్చుకున్నాను. చుట్టుపక్కల ప్రతి ఇంటి వైఫై 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం (బ్యాండ్) మీదనే నడుస్తోంది, అందులో ఒకదానికొకటి అడ్డుపడని ఛానళ్లు మూడే (1, 6, 11) కాబట్టి, 5 గిగాహెర్ట్జ్ కూడా ఇచ్చే డ్యూయల్ బ్యాండ్ రౌటరే కావాలని దుకాణంలో రెండుసార్లు స్పష్టంగా అడిగాను. 1200 (రెండు బ్యాండ్ల వేగం కలిపి, ఎంబీపీఎస్‌లో) అని రాసి ఉన్న డబ్బా చూపించారు. రౌటరుకు 2,400, వైరుకు 300, బిగించడానికి 500, మొత్తం 3,200 రూపాయలు ఫోన్‌లోనే పంపాను. బిల్లు అడిగితే, జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనంగా కట్టాలన్నారు. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయని తెలిసి కూడా, పోనీలే అనుకొని ఊరుకున్నాను. డబ్బు వెళ్లింది కూడా దుకాణం పేరు మీదికి కాదు, ఎవరో మనిషి పేరు మీదికి. అదీ చూశాను, అదీ వదిలేశాను.

సాయంత్రం ఒక అబ్బాయి వచ్చి, డబ్బాను తానే తెరిచి, పావుగంటలో బిగించి వెళ్లాడు. ఫోన్‌లో ఒకే వైఫై పేరు కనిపిస్తోంది, 5 గిగాహెర్ట్జ్‌ది ఏదని అడిగితే, “రెండు కలిపి ఒకటే పేరు వస్తది సార్” అన్నాడు. కొన్ని రౌటర్లలో అలా వచ్చే మాట నిజమే కాబట్టి నమ్మాను. అబద్ధం చెప్పడంలో ఆ అబ్బాయికి మంచి శిక్షణే ఇచ్చారు.

రాత్రి అనుమానం వచ్చి పరీక్షించాను. మాది 100 ఎంబీపీఎస్ ప్లాను. పైకి లాగిన వైరును నేరుగా లాప్‌టాప్‌కు పెడితే 94 వస్తోంది, అదే గదిలో రౌటర్ పక్కనే కూర్చొని వైఫై మీద చూస్తే 30 దాటడం లేదు. ఫోన్‌లో వైఫై వివరాలు తెరిస్తే 2.4 అనే ఉంది. రౌటర్‌ను తలకిందులు చేశాను. అడుగున స్టిక్కరు ఒక మూల లేచి, దాని జిగురుకు దుమ్ము నల్లగా అంటుకొని ఉంది. డబ్బా మీద 1200 ఉంటే స్టిక్కరు మీద 300 ఉంది, అంటే 2.4 ఒక్కటే ఇచ్చే రకం. సీరియల్ నంబర్లలో ఒక్క అంకె కూడా కలవలేదు. అబ్బాయి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండు చోట్లా ‘అడ్మిన్’, ‘అడ్మిన్’ అని కొట్టడం వెనక నిలబడి చూశాను కాబట్టి నేనూ అలాగే సెట్టింగుల్లోకి వెళ్లాను. గెస్ట్ నెట్‌వర్క్ అనే చోట ఏదో బాలుర హాస్టల్ పేరు, దాని పక్కన ‘రెండో అంతస్తు’ అని ఉంది. ఎన్నేళ్లు ఎంతమంది పిల్లలు వాడి వదిలేసిన సరుకో, కొత్తదని మా ఇంటికి వచ్చింది.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నాను. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది ఆరు అని బోర్డు మీద లెక్క కట్టించే నేను, కొన్న వస్తువును ఒక్కసారి తిప్పి చూడలేదు.

నిన్న ఉదయం దుకాణం తెరిచే వేళకే వెళ్లి రౌటర్‌నూ డబ్బానూ పక్కపక్కన పెట్టాను. యజమాని వాటివైపు చూడకుండానే, “సీలు తెంపినంక మాకు సంబంధం లేదు సారూ” అన్నాడు. సీలు తెంపింది మీ అబ్బాయే కదా అన్నాను. హాస్టల్ పేరును ఫోటో తీసుకొని వెళ్లాను, అదీ చూపించాను. “అది కంపెనీల టెస్టింగ్ జేసేటప్పుడు పెడ్తరు” అన్నాడు. బాలుర హాస్టల్ రెండో అంతస్తులో రౌటర్లను పరీక్షించే కంపెనీ ఒకటి ఉన్నదని నాకు నిన్ననే తెలిసింది. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే చెయ్యి అడ్డంగా ఊపి, “సారూ, మీరు పిల్లలకు పాఠాలు చెప్పుకోండ్రి, ఇవన్నీ మీకు సమజ్ గావు” అన్నాడు. ఆ మాటకు కౌంటర్ దగ్గర మౌస్ కొంటున్న ఇద్దరు కుర్రవాళ్లు తలలు దించుకున్నారు. ఇద్దరూ నా దగ్గర పదో తరగతి చదివినవాళ్లే. 3,200 పోయినందుకు కాదు, ఆ పిల్లలు నా ముఖం చూడలేక తలలు దించుకున్నారే, అందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆయన తల వెనక గోడ మీద ‘అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, అది లేకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకోననడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. ఇదంతా ఇంటికి వచ్చాక చదువుకున్నాను. అక్కడ నిలబడినప్పుడు నోట మాట రాలేదు.

కొనబోయేవారు బిల్లు లేకుండా పైసా ఇవ్వకండి. డబ్బా మీది సీరియల్ నంబరు రౌటర్ అడుగున ఉన్న నంబరుతో కలుస్తున్నదో లేదో దుకాణంలోనే చూసుకోండి. బిగించడానికి వచ్చినవారు వెళ్లగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చుకోండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. చేతిలో బిల్లు లేదు, ఎవరో మనిషి పేరుతో ఉన్న చెల్లింపు రశీదూ, స్టిక్కరు ఫోటోలూ ఉన్నాయి. అదే దుకాణంలో ఇలాగే మోసపోయినవారు ఎవరైనా ఉంటే నాకు రాయండి, ఫిర్యాదులో కలిపి ఇద్దాం. మా అమ్మాయి ఈరోజు పరీక్షను మెట్ల మీద కూర్చొని రాసింది.