సైనిక ఆఫీసు కౌంటర్‌లో ఎవరు ఉంటే మేలు: ఏజెన్సీ మనిషా, నేరుగా తీసుకున్న మనిషా?

నవంబరులో మామయ్యగారి లైఫ్ సర్టిఫికెట్ పని మీద మాజీ సైనికుల ఆఫీసు ఒకదానికి వెళ్లాను. నా ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో భర్త డిశ్చార్జి బుక్. ఆధార్‌లో ఆమె పేరు వెంకటలక్ష్మి, బుక్‌లో ఒట్టి లక్ష్మి. కౌంటర్‌లోని కుర్రాడు చేరి మూడు వారాలే అయింది. "రికార్డ్స్ ఆఫీసుకు రాసుకోండమ్మా" అన్నాడు, అంటే సైనికుల సర్వీసు వివరాలు దాచే ఆఫీసుకు. ఏ రికార్డ్స్ ఆఫీసు, ఏ కాగితాలు జతచేయాలి అంటే పాపం అతనికీ తెలియదు. అన్నీ తెలిసిన పాత అబ్బాయి ఏజెన్సీ మారినప్పుడే మానేశాడట.

టైపింగ్, డేటా ఎంట్రీ, ఫైళ్ల పని బయటివాళ్లకు అప్పగించడం తప్పేమీ కాదు. పొదుపు కోసం, పని సాఫీగా సాగడం కోసం సేవలను బయట నుంచి తీసుకోవచ్చని కేంద్రం 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోనే ఉంది. ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌లో టెండరు పెడితే ఏజెన్సీ మనుషుల్ని పంపిస్తుంది. ఒకరు రాకపోతే ఇంకొకరు వస్తారు. హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ తలనొప్పులన్నీ ఏజెన్సీవే. ఆఫీసరుకు ఇది నిజంగా పెద్ద ఊరట.

కానీ ఖర్చు చూడండి. మనుషుల సరఫరా మీద జీఎస్టీ 18 శాతం. నెలకు 20,000 బిల్లయితే దాని మీద పన్నే 3,600. ఏజెన్సీ కమీషను ఆ 20,000లోనే ఉంటుంది. ఈ రెండింటిలో రూపాయి కూడా కుర్చీలో కూర్చున్న మనిషికి చేరదు. టెండరు ముగిశాక ఏజెన్సీ మారితే, అతను నేర్చుకున్న పని కూడా అతనితోనే పోతుంది.

మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ పాలిక్లినిక్‌ల దారి వేరు. 2003లో మొదలైన ఈ పథకంలో క్లర్కులను, డేటా ఎంట్రీ ఆపరేటర్లను ఏజెన్సీ లేకుండా నేరుగా కాంట్రాక్టు మీద తీసుకుంటారు, మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇస్తారు. పెళ్లి, పిల్లలు లాంటి వివరాలు సైనికుడి రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డరు అంటే ఏమిటో మాజీ హవల్దారుకు ఎవరూ నేర్పక్కర్లేదు. రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్ స్పర్శ్‌లో పేరు ఎందుకు కలవడం లేదో డిశ్చార్జి బుక్ తిరగేసి చెప్పగలడు. కష్టాలు ఇందులోనూ ఉన్నాయి. ఏటా రెన్యువల్ టెన్షన్ తప్పదు, పర్మనెంటు అవుతుందన్న ఆశ లేదు. కాంట్రాక్టు మీద ఎన్నేళ్లు చేసినా అంతమాత్రాన పర్మనెంటు అయ్యే హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నియామకాల భారం కూడా ఆఫీసు మీదే పడుతుంది.

2020లో ఆంధ్రప్రదేశ్ మూడో దారి పట్టింది. దళారులు లేకుండా ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు జీతాలిచ్చింది. కోతలు, ఆలస్యాల బాధకు అది మంచి మందే. అయితే కౌంటర్‌లో అనుభవం ఉన్న మనిషి ఉంటాడన్న హామీ అందులోనూ లేదు.

నా మటుకు తోట పని, ఊడ్చడం, జిరాక్సు లాంటివి ఏజెన్సీకి ఇవ్వొచ్చు. పెన్షను, పేర్ల సవరణ, వితంతువుల ఫైళ్లు చూసే బల్ల దగ్గర మాత్రం నేరుగా తీసుకున్న మాజీ సైనికుడే ఉండాలి. జవాన్ల నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఆరు నెలలకొక కొత్త చేతిలో పడటం నాకు అసలు నచ్చదు. ఏజెన్సీ తప్పదంటే టెండరులోనే రెండు షరతులు రాయాలి: మనిషి మారేముందు పాతవాడు పదిహేను రోజులు కొత్తవాడి పక్కన కూర్చొని పని నేర్పాలి, పీఎఫ్ చలానా జతచేయకపోతే ఆ నెల బిల్లు పాస్ చేయకూడదు.