ఫెడరల్ న్యాయవాదులకు బార్ ఫీజు రీయింబర్స్‌మెంట్: వాడుకున్నవారి సమీక్ష

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో న్యాయవాదిగా పనిచేయాలంటే ఏదో ఒక రాష్ట్రంలో చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండి తీరాలి. ఆ లైసెన్సును నిలుపుకోవడానికి ఏటా గాని, రెండేళ్లకొకసారి గాని, రాష్ట్ర బార్‌కో (న్యాయవాదుల సంఘానికో) అక్కడి కోర్టు యంత్రాంగానికో ఫీజు కట్టాలి. ఆ ఫీజును ఉద్యోగికి తిరిగి చెల్లించే సదుపాయం చాలా ఫెడరల్ కార్యాలయాల్లో ఉంది. ఒక కార్యాలయంలో సివిలియన్ లాయరుగా నేను కొన్నేళ్లుగా దాన్ని వాడుకుంటున్నాను. లా చదివి ప్రభుత్వ సర్వీసు వైపు, సైన్యంలోని న్యాయవాద అధికారుల విభాగమైన జాగ్ కోర్ వైపు చూస్తున్న మన పిల్లలు దీని గురించి అడుగుతూ ఉంటారు కనుక వివరంగా రాస్తున్నాను. ముందే నా అభిప్రాయం చెబుతాను. అందినప్పుడు ఇది ఎంతో న్యాయమైన సదుపాయం. అయితే అందడమూ అందకపోవడమూ పనిచేసే చోటు మీద, అంతకంటే ముఖ్యంగా యూనిఫాం మీద ఆధారపడి ఉండడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఈ సదుపాయానికి చట్టపరమైన పునాది పాతదేమీ కాదు. ఉద్యోగానికి కావలసిన అర్హతను సంపాదించుకోవడం, నిలుపుకోవడం ఉద్యోగి సొంత బాధ్యత కాబట్టి ఆ ఖర్చుకు ప్రభుత్వ సొమ్ము వాడకూడదని, ప్రభుత్వ ఖర్చుల చట్టబద్ధతను తేల్చే కంప్ట్రోలర్ జనరల్ నిర్ణయాలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. 2001 డిసెంబరు 28న సంతకమైన రక్షణ అధికార చట్టం ఆ పరిస్థితిని మార్చింది. అది ఫెడరల్ చట్టాల సంకలనమైన అమెరికా కోడ్ ఐదో టైటిల్‌లో (భాగంలో) 5757వ సెక్షన్‌ను చేర్చి, వృత్తిపరమైన లైసెన్సులు, ధ్రువపత్రాలు, వాటి కోసం రాసే పరీక్షల ఖర్చును కార్యాలయాలు తమ నిధులనుంచి భరించవచ్చని చెప్పింది. రాజకీయ విధాన నిర్ణయాలకు సంబంధించిన ఆంతరంగిక పదవుల్లో ఉన్నవారికి మాత్రం ఇది వర్తించదు. ఇక్కడ చాలామంది కొత్తవారు కంగారు పడతారు. ఫెడరల్ లాయర్ల ఉద్యోగాలు పోటీ పరీక్షల పరిధిలోకి రాని ఎక్సెప్టెడ్ సర్వీసులో ఉంటాయి కనుక తాము కూడా మినహాయింపులో పడతామేమోనని వారి అనుమానం. అది నిజం కాదు. మినహాయింపు విధాన స్వభావమున్న పదవులకే గాని, మామూలు లాయరు ఉద్యోగాలకు కాదు.

దరఖాస్తు విధానం కాగితం మీద తేలికైనది. ముందు మన డబ్బుతో ఫీజు కట్టి, రసీదు జతచేసి, అధికారిక పని మీద పెట్టిన ఖర్చుల కోసం వాడే ఎస్‌ఎఫ్-1164 ఫారాన్ని నింపి, పై అధికారి ఆమోదంతో ఆర్థిక విభాగానికి పంపితే, మొత్తం బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. చిక్కంతా రసీదు దగ్గరే వస్తుంది. బార్ సభ్యత్వం తప్పనిసరి అయిన రాష్ట్రాల్లో వార్షిక బిల్లులో అసలు లైసెన్సు ఫీజుతో పాటు ప్రత్యేక విభాగాల సభ్యత్వం, స్వచ్ఛంద విరాళం వంటి గళ్లు కూడా ఉంటాయి. కొన్నిచోట్ల విరాళం ముందే టిక్ చేసి ఉంటుంది. ఇవేవీ వాపసు రావు. ఎందుకంటే అదే టైటిల్‌లోని 5946వ సెక్షన్ ప్రకారం సంఘాల సభ్యత్వ రుసుములకు ప్రభుత్వ నిధులు వాడరాదన్న నిషేధం ఇప్పటికీ అమలులో ఉంది. లైసెన్సు పొందడానికి సభ్యత్వమే షరతు అయితే మాత్రం ఆ రుసుము చెల్లించవచ్చని కంప్ట్రోలర్ జనరల్ ఆధ్వర్యంలోని గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు 2004లో తేల్చింది. కాబట్టి తప్పనిసరి ఎంత, ఐచ్ఛికం ఎంత అన్నది రసీదులో విడివిడిగా కనబడాలి. మొత్తం అంకె ఒక్కటే ఉన్న రసీదును మా ఆర్థిక విభాగం ఒక ఏడాది ఏ వివరణా లేకుండా తిప్పి పంపింది. కారణం తెలుసుకోవడానికి నేను వారాల తరబడి వెంటపడవలసి వచ్చింది. తిప్పి పంపడంలో తప్పు లేదు, కారణాన్ని ఒక్క వాక్యంలో రాయకపోవడమే తప్పు.

న్యూయార్క్ లైసెన్సు ఉన్నవారికి ఈ బాధ తక్కువ. అక్కడ రాష్ట్ర బార్ సంఘంలో చేరడం తప్పనిసరి కాదు. కోర్టు యంత్రాంగం వద్ద రెండేళ్లకొకసారి, పుట్టినరోజు దాటిన 30 రోజుల్లోగా నమోదు చేసుకుని 375 డాలర్లు కడితే సరిపోతుంది. ఆ 375 డాలర్లు ఎటు పోతాయో చూస్తే ఈ రీయింబర్స్‌మెంట్ ఎందుకు న్యాయమో అర్థమవుతుంది. అందులో 60 డాలర్లు, క్లయింట్ల సొమ్మును కాజేసిన లాయర్ల వల్ల నష్టపోయినవారికి పరిహారమిచ్చే నిధికి వెళతాయి. మరో 50 డాలర్లు పేదల తరఫున వాదించే సేవల నిధికి చేరతాయి. ప్రభుత్వ లాయరుకు ప్రైవేటు క్లయింటే ఉండడు, వారి సొమ్ము అతని చేతికే రాదు. అయినా ఆ 60 డాలర్లు కట్టక తప్పదు. నేను ఆ నిధులను తప్పుపట్టడం లేదు, అవి ఉండవలసినవే. నేననేది ఒక్కటే. ప్రభుత్వమే షరతు పెట్టిన లైసెన్సు, ప్రభుత్వం పని తప్ప మరే పనికీ వాడకుండా ఉంచుకుంటున్న లైసెన్సు అయినప్పుడు దాని ఖర్చును భరించవలసింది కూడా ప్రభుత్వమే.

ఇక్కడే 5757వ సెక్షన్‌లోని అసలు బలహీనత బయటపడుతుంది. కార్యాలయం చెల్లించవచ్చు అంటుంది గాని, చెల్లించాలి అనదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, కాంగ్రెస్ ఇచ్చిన అధికారం కార్యాలయం గుమ్మం దగ్గర ఆగిపోవచ్చు. ఒక కార్యాలయం పూర్తి ఫీజు ఇస్తుంది, మరొకటి ఒక్క లైసెన్సుకే ఇస్తుంది, ఇంకొకటి ఈ ఏడాది నిధులు లేవంటుంది. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. బడ్జెట్ ఆమోదం పొందక కంటిన్యూయింగ్ రిజల్యూషన్ (తాత్కాలిక నిధుల తీర్మానం) మీద నెట్టుకొస్తున్న నెలల్లో, అత్యవసరం కాని ఖర్చులన్నిటినీ అధికారులు పక్కన పెడతారు. సరిగ్గా ఆ చలికాలంలోనే చాలా రాష్ట్రాల వార్షిక ఫీజు గడువు వస్తుంది. గడువు దాటితే జరిమానా, ఆ తర్వాత లైసెన్సు సస్పెన్షన్. అంటే వాపసు వస్తుందో రాదో తెలియకుండానే ఉద్యోగి కట్టి తీరాలి.

2017 నాటి పన్ను చట్టం ఈ భారాన్ని మరింత పెంచింది. అంతకుముందు, వాపసు రాని ఉద్యోగ ఖర్చులు సర్దుబాటు చేసిన ఆదాయంలో 2 శాతం దాటితే, దాటిన మేరకు మినహాయింపు కోరవచ్చు. 2018 నుంచి ఆ మినహాయింపే పోయింది; 2025లో ఆ రద్దు శాశ్వతమైంది. సొంతంగా ప్రాక్టీసు చేసుకునే లాయరుకు బార్ ఫీజు వ్యాపార ఖర్చు కింద తగ్గుతుంది, జీతం తీసుకునే ప్రభుత్వ లాయరుకు ఆ దారి లేదు.

ఇప్పటివరకు చెప్పినదంతా సివిలియన్ల సంగతి. యూనిఫాం వేసుకున్న లాయర్ల విషయానికొస్తే, ఈ సమీక్షలో నేను అతి తక్కువ మార్కులు వేసేది ఇక్కడే. సైనికులకు వృత్తి ధ్రువపత్రాల ఖర్చు చెల్లించే చట్టం లేకపోలేదు. అమెరికా కోడ్ పదో టైటిల్‌లోని 2015వ సెక్షన్ అదే. అది రాష్ట్ర లైసెన్సులను కూడా పేరుపెట్టి ప్రస్తావిస్తుంది. అయితే ఆ వెంటనే, సైన్యంలో నియామకానికి ముందస్తు షరతుగా ఉన్న అర్హతను పొందడానికి ఈ అధికారాన్ని వాడరాదని అడ్డుకట్ట వేస్తుంది. జాగ్ అధికారిగా నియామకం పొందాలంటే బార్ సభ్యత్వం ముందే ఉండాలి. అందువల్ల మెకానిక్కుకూ, నెట్‌వర్క్ నిపుణుడికీ తెరుచుకున్న తలుపు లాయరు దగ్గరికొచ్చేసరికి మూసుకుపోతుంది. సివిలియన్ల 5757వ సెక్షన్‌లో ఇలాంటి షరతు లేదు. ఒకే న్యాయ విభాగంలో, పక్కపక్క గదుల్లో, ఒకే రకమైన దస్త్రాలు చూస్తున్న ఇద్దరు లాయర్లలో ఒకరికి ఫీజు వాపసు వచ్చి మరొకరికి రాకపోవడానికి మూలం ఇదే.

ఆ షరతు వెనుక ఉన్న తర్కాన్ని నేను కొట్టిపారేయను. ఉద్యోగంలో చేరకముందే సంపాదించవలసిన అర్హతకు, అంటే బార్ పరీక్షకూ తొలి నమోదుకూ, అభ్యర్థే ఖర్చు పెట్టుకోవాలనడం అర్థం చేసుకోదగినదే. కాని చేరిన తర్వాత ఏటా కట్టే ఫీజు కొత్త అర్హతను పొందడం కోసం కాదు. ఉన్నదాన్ని సర్వీసు కోసమే నిలబెట్టుకోవడం కోసం. మిలిటరీ జస్టిస్ కోడ్‌లోని 27వ ఆర్టికల్ ప్రకారం తీవ్రమైన నేరాలను విచారించే సైనిక న్యాయస్థానమైన జనరల్ కోర్టు మార్షల్‌లో వాదించే సైనిక న్యాయవాదికి ఆయా దళాల న్యాయ విభాగాధిపతి అయిన జడ్జ్ అడ్వకేట్ జనరల్ ధ్రువీకరణ ఉండాలి. లైసెన్సు పోయిన అధికారి ఆ పనిలో కొనసాగలేడు. బదిలీ మీద ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికీ, విదేశాల్లోని స్థావరాలకూ వెళుతూ, తాను మళ్లీ అడుగుపెడతాడో లేదో తెలియని రాష్ట్రానికి ఏళ్ల తరబడి ఫీజు కడుతున్న అధికారులు నాకు తెలుసు.

ఈ లోపం ఎంత విచిత్రమైనదో మరో చట్టం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సైనికుల బదిలీ వల్ల కొత్త రాష్ట్రంలో మళ్లీ లైసెన్సు తీసుకోవలసి వచ్చే జీవిత భాగస్వాములకు, ఆ ఖర్చును తిరిగి చెల్లించే ఏర్పాటును కాంగ్రెస్ 2017 డిసెంబరులో తెచ్చింది. మొదట పరిమితి 500 డాలర్లు, రెండేళ్ల తర్వాత దాన్ని 1,000 డాలర్లకు పెంచింది. అది చాలా మంచి పని. అయితే ఒక జాగ్ అధికారి భార్య కూడా లాయరే అయితే, బదిలీ మీద వెళ్లిన చోట ఆమె లైసెన్సు ఖర్చు ఈ పరిమితి మేరకు తిరిగి రావచ్చు, సర్వీసులో ఉన్న భర్త ఏటా కట్టే ఫీజు మాత్రం ఇంటి ఖర్చులోనే పడుతుంది. 2015వ సెక్షన్‌లో, నియామకం తర్వాత లైసెన్సును నిలుపుకోవడానికి అయ్యే ఖర్చుకు ఆ నిషేధం వర్తించదని ఒక్క వాక్యం చేర్చితే ఈ చిక్కు తీరుతుంది. దానితో పాటు 5757లో 'చెల్లించవచ్చు' అన్నచోట, లైసెన్సు తప్పనిసరి అయిన ఉద్యోగాలకు ఒక లైసెన్సు మేరకైనా 'చెల్లించాలి' అని మార్చడం అవసరం.

అది జరిగేవరకు, ఫెడరల్ ఉద్యోగానికి ఎంపికైనవారు ఆఫర్ అంగీకరించకముందే బార్ ఫీజు విధానం గురించి రాతపూర్వకంగా అడగాలి: ఎన్ని లైసెన్సులకు ఇస్తారు, ఏ నెలలోగా దరఖాస్తు పంపాలి, నిధులు ఆగిన ఏడాది తర్వాతి త్రైమాసికంలో ఇస్తారా లేదా. ఫీజు కట్టేటప్పుడు విరాళాల గళ్లలో టిక్కు తీసేసి, అంశాలవారీగా ఉన్న రసీదునే దించుకోవాలి. లైసెన్సు నిలుపుకోవడానికి పూర్తిచేయవలసిన వృత్తి శిక్షణ గంటల సంగతి కూడా అప్పుడే చూసుకోవడం మేలు. న్యూయార్క్ పూర్తికాల సైనికులకు, కాలిఫోర్నియా పూర్తికాల ఫెడరల్ ఉద్యోగులకు ఆ గంటలనుంచి మినహాయింపు ఇస్తున్నాయి, ఆ మేరకు కోర్సుల ఖర్చు మిగులుతుంది.