పూల లోయకి వెళ్తుంటే ఘాంగరియాలో ఒక రాత్రి ఎక్కువ పెట్టుకోండి

ఉత్తరాఖండ్‌లో ఉన్న వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్క్ గురించి మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "ట్రెక్కింగ్ అలవాటు లేదు, మేం నడవగలమా?" అని. నడవగలరు. ఆ నడకలో తాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన చోట్లు లేవు, దారి పొడవునా రాళ్లు పరిచి ఉంటాయి, తప్పిపోయే ప్రశ్నే లేదు. లోయకి ముందు మనం బస చేసే చివరి ఊరు ఘాంగరియా, కష్టమంతా అక్కడికి చేరడంలోనే. పూలు బాగా పూసేది జూలై మధ్య నుంచి ఆగస్టు నెలాఖరు దాకా, సరిగ్గా అప్పుడే వానలు, అప్పుడే కొండచరియలు పడి రోడ్లు మూసుకుపోయేది కూడా. ప్లాన్‌లో ఖాళీ రోజు లేకపోతే ఆ రోడ్డు మీద పోయిన సమయం లోయలో తగ్గిపోతుంది, చాలామంది లోయ మొదట్లోనే నాలుగు ఫోటోలు తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. అంత దూరం వెళ్లి అలా రావడం చూస్తే నాకు నిజంగా బాధేసింది.

మేం వెళ్లింది ఆగస్టు మొదట్లో. నేను, మా అక్క, బావగారు. అక్కకి యాభై దాటాయి, ఒక మోకాలు సరిగ్గా ఉండదు, కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లాలనుకునేవాళ్లకి కూడా ఇది పనికొస్తుందనుకుంటున్నాను.

మన వైపు నుంచి ఢిల్లీ దాకా రైలో విమానమో, అక్కడి నుంచి హరిద్వార్ లేదా ఋషికేశ్. విమానంలో నేరుగా డెహ్రాడూన్ వెళ్లినా ఋషికేశ్ దగ్గరే. ఋషికేశ్ నుంచి జోషీమఠ్ దాదాపు 250 కిలోమీటర్లు, మ్యాప్ చూసి ఆరు గంటలనుకోకండి, ఏ అడ్డూ లేకపోతేనే తొమ్మిది పది గంటలు పడుతుంది. తెల్లవారుజామున బయల్దేరే బస్సులు చవక, షేర్ సుమోలు కాస్త త్వరగా వెళ్తాయి, ముగ్గురు నలుగురు ఉంటే మాట్లాడుకున్న కారు మేలు, ఎందుకంటే దారి మూసుకుపోయినప్పుడు ఎక్కడ ఆగాలో మన చేతుల్లో ఉంటుంది. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, విష్ణుప్రయాగ, ఈ అయిదు సంగమాలూ ఈ రోడ్డు మీదే వస్తాయి. దేవప్రయాగలో మాత్రం తప్పకుండా దిగండి, భాగీరథి, అలకనంద కలిసి గంగ అనే పేరు మొదలయ్యేది అక్కడే.

రాత్రి ఆగడానికి అందరూ జోషీమఠ్ అంటారు. మేం దానికి ముందే వచ్చే పీపల్‌కోటిలో ఆగాం, నాకైతే అదే నచ్చింది. ఊరు చిన్నది, గదులు ఖాళీగా దొరుకుతాయి, పొద్దున్నే లేచి బయల్దేరితే కొండ దారి మొదలయ్యే గోవింద్‌ఘాట్‌కి వేళకే చేరతాం. 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇళ్లకి పగుళ్లు వచ్చి జనాన్ని ఖాళీ చేయించిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఊరు మామూలుగానే నడుస్తోంది గానీ అక్కడే ఉండితీరాల్సిన అవసరం మాకు కనిపించలేదు.

గోవింద్‌ఘాట్‌లో పెద్ద బ్యాగులు వదిలేయండి. గురుద్వారాలోనూ హోటళ్లలోనూ సామాన్లు పెట్టుకోనిస్తారు. పైకి మూడు జతల బట్టలు, రెయిన్‌కోటు, మందులు చాలు. అక్కడి నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు షేర్ జీపులు నడుస్తాయి, నిండితేనే కదుల్తాయి కాబట్టి ఎంత పొద్దున్నే వెళ్తే అంత మంచిది. పుల్నాలో రోడ్డు అయిపోతుంది. ఘాంగరియాకి ఇంకా దాదాపు పది కిలోమీటర్లు, నడక, గుర్రం, డోలీ, లేదా వీపుకి బుట్ట కట్టుకుని మనిషిని మోసే కండీ. వాతావరణం బాగుంటే గోవింద్‌ఘాట్ నుంచి హెలికాప్టర్ కూడా ఉంది, కానీ వానాకాలంలో దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి, మబ్బు దిగితే ఎగరదు.

ఆ పది కిలోమీటర్లలో భ్యూండార్ అనే ఊరి దాకా ఏటి పక్కన మెల్లగా ఎక్కుతుంది, అది దాటి వంతెన మీదుగా అవతలికి వెళ్లాకే అసలు ఎక్కుడు. 2013 జూన్ వరదల్లో పాత దారి కొట్టుకుపోయింది, ఇప్పుడున్నది తర్వాత వేసింది, చివరి మూడు కిలోమీటర్లూ నిటారుగానే ఉంటుంది. అక్క పుల్నాలో గుర్రం ఎక్కకుండా కర్ర కొనుక్కుంది. "ఒరేయ్ తమ్ముడూ, దిగేటప్పుడు ఎక్కుతాలే, ఇప్పుడైతే నడుస్తాను" అంది. నిజానికి మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి దిగుడే ఎక్కువ ఇబ్బంది, కాబట్టి డబ్బు ఒకవైపుకే పెట్టగలిగితే తిరుగు ప్రయాణానికి పెట్టండి. రేట్లు కౌంటర్ దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి, అక్కడే మాట్లాడుకోండి, సగం దారిలో బేరాలు వద్దు.

గుర్రాలంటున్నాం గానీ ఎక్కువ కంచరగాడిదలే. వెనక నుంచి గంటల చప్పుడు వినగానే కొండ వైపుకి జరిగి నిలబడండి, లోయ అంచు వైపు మాత్రం వద్దు. వాటి వీపు మీద సిలిండర్లు, ఇటుకలు, కూరగాయల బస్తాలు కట్టి ఉంటాయి, ఆ వెడల్పు వాటికి తెలియదు, తగిలితే మనిషి పడిపోతాడు. వాన పడితే దారంతా పేడ, బురద కలిసిపోయి జారుతుంది. మంచి గ్రిప్ ఉన్న బూట్లు లేకుండా వెళ్లకండి. జబ్బుపడ్డ జంతువుని కర్రతో కొడుతూ ఎక్కించడం కూడా చూశాం, బావగారు ఆపి గట్టిగా మాట్లాడారు. మీరు ఎక్కేముందు దాని కాళ్లు, వీపు ఒకసారి చూడండి, కుంటుతున్నా పుండ్లున్నా వద్దని చెప్పండి. డబ్బిచ్చేవాళ్లు వద్దంటేనే వాళ్లు వింటారు.

ఘాంగరియా మూడు వేల మీటర్ల ఎత్తులో ఒకే వీధి ఉన్న ఊరు. మంచు కురిసే నెలల్లో అక్కడ ఎవరూ ఉండరు, యాత్ర నడిచే నెలల్లో మాత్రం అడుగు పెట్టే చోటుండదు. మేం ముందే డబ్బు కట్టిన లాడ్జిలో మా గది వేరే గ్రూపుకి ఇచ్చేశారు, తడిసిన బట్టలతో గంటసేపు నిలబెట్టి, చివరికి మెట్ల కింద ఉన్న చెమ్మ గది చూపించారు. మేం డబ్బు వెనక్కి తీసుకుని గురుద్వారాకి వెళ్లాం. అక్కడ బస, లంగరు (గురుద్వారాలో అందరికీ వడ్డించే) భోజనం ఉచితం, మతం అడగరు, దుప్పట్లు కావలసినన్ని ఇస్తారు, పెద్ద హాల్లో అందరితో కలిసి పడుకోవాలి. మర్నాడు వేరే చోట గది దొరికింది. సీజన్ రద్దీలో శని, ఆదివారాలకి మాత్రం ముందు బుక్ చేసుకుని, బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి మళ్లీ ఖాయం చేసుకోండి, మిగతా రోజుల్లో చూసి తీసుకోవడమే మంచిది, ఎందుకంటే ఫోటోలో కనపడనిది పరుపు చెమ్మ. వేడినీళ్లు బకెట్‌కి ఇంత అని విడిగా తీసుకుంటారు. కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, పవర్ బ్యాంక్ ఉండాలి. తిండి ఆలూ పరాఠా, రాజ్మా అన్నం, మ్యాగీ. కందిపొడి, చిన్న నెయ్యి డబ్బా తీసుకెళ్లినందుకు మేం ముగ్గురం ఎంత సంతోషించామో చెప్పలేను.

ఇక లోయ. ఊరు దాటగానే హేమకుండ్ (పైన సరస్సు పక్కన ఉన్న గురుద్వారా) దారి కుడివైపు విడిపోతుంది, ఎడమవైపుది పార్కుది. చెక్‌పోస్టులో పేరు రాసి టికెట్ తీసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. పొద్దున ఏడింటికి తెరుస్తారు, మధ్యాహ్నం తర్వాత లోపలికి పంపరు, సాయంత్రం అయిదింటికల్లా బయటికి రావాలి, లోపల రాత్రి ఉండనివ్వరు. టికెట్ మూడు రోజులకి చెల్లుతుంది, చాలామంది ఒక్క రోజే వాడతారు. గుర్రాలకి లోపలికి అనుమతి లేదు, నడవలేనివాళ్లకి కండీ ఒక్కటే. లోపల టీకొట్టు కూడా లేదు, పరాఠాలు కట్టించుకుని వెళ్లండి, ఆ కవరు మళ్లీ మీ బ్యాగులోనే రావాలి.

మొదట అడవి, కిందికి దిగి పుష్పావతి నది మీద వంతెన, తర్వాత ఒకటిన్నర గంట గట్టి ఎక్కుడు. ఇక్కడే చాలామందికి విసుగొస్తుంది, పూలేవీ అని అడుగుతుంటారు. ఎక్కుడు అయిపోయి లోయ తెరుచుకున్నాక మొదటి పచ్చిక దగ్గర పెద్ద బండరాళ్లున్నాయి, గ్రూపులన్నీ అక్కడే కూర్చుని తిని వెనక్కి తిరుగుతాయి. దయచేసి అక్కడ ఆగకండి. ఇంకో గంట, గంటన్నర లోపలికి నడవండి, జనం పలచబడతారు, దారి గులాబీ రంగు బాల్సమ్ మొక్కల మధ్యలో దూరుతుంది, అవి మనిషి ఛాతీ ఎత్తున ఉంటాయి, ఆకుల మీద నీళ్లన్నీ మన ప్యాంటుకే. ఒక్కో పువ్వులోకి తుమ్మెద పూర్తిగా దూరిపోయి, వెనక్కి నడుచుకుంటూ వచ్చేటప్పటికి వీపంతా తెల్లటి పుప్పొడి అంటుకుని ఉంటుంది. అక్క దాన్ని చూస్తూ చాలాసేపు కదల్లేదు. బండల సందుల్లో నీలి గసగసాల పువ్వు వెతికి చూడాలి, జూలైలో అయితే ఎక్కువ కనిపిస్తుంది. అయిదు వందలకు పైగా రకాలున్నాయంటారు, అన్నీ ఒకేసారి పూయవు, వారం వారం లోయ రంగు మారుతుంది.

1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి దిగింది, బయటి ప్రపంచానికి దీని పేరు అలా తెలిసింది. భ్యూండార్ వాళ్లకి మాత్రం తరతరాలుగా తెలిసిన మేత భూమే ఇది. 1939లో పూల నమూనాల కోసం వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ ఇక్కడే జారిపడి చనిపోయింది, ఆమె సమాధి లోయలోనే ఉంది, చుట్టూ పూలు. అక్కడి దాకా నడిస్తే లోయ సరిగ్గా చూసినట్టే. 2005లో నందాదేవి నేషనల్ పార్క్‌తో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు.

మొదటి రోజు మాకు వాన, మబ్బు, పది అడుగుల అవతల ఏమీ కనపడలేదు. మధ్యలో హేమకుండ్ వెళ్లొచ్చి మళ్లీ లోయకి వెళ్తే ఆకాశం తెరిపిచ్చింది, దూరంగా టిప్రా హిమానీనదం దాకా కనిపించింది. ఘాంగరియాలో ఒక రాత్రి ఎక్కువ పెట్టుకోమంటున్నది ఇందుకే.

హేమకుండ్ సాహిబ్ ఘాంగరియా నుంచి ఆరు కిలోమీటర్లే, కానీ లోయ కంటే చాలా కష్టం. నాలుగు వేల మీటర్లు దాటాక తలనొప్పి, ఆయాసం మామూలు, మెల్లగా ఎక్కాలి, వాంతులు మొదలైతే పంతం వద్దు, దిగిపోవాలి. అందుకే లోయ ముందు చూసి, ఆ ఎత్తుకి శరీరం కాస్త అలవాటు పడ్డాక దీనికి వెళ్లండి. ఇక్కడికి గుర్రాలు వస్తాయి, అక్క అలాగే వచ్చింది. పైన సరస్సు, గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. వేడి వేడి కిచిడీ, టీ ఇస్తారు, ఆ చలిలో ఆ గిన్నె పట్టుకుంటే చాలు. చివరి మెట్ల పక్కన బ్రహ్మకమలాలు ఉన్నాయి, కాగితం లాంటి లేత పసుపు రేకల లోపల ఊదారంగు పూలు. మనం ఇదే పేరుతో కుండీల్లో పెంచి రాత్రి మేలుకుని చూసేది కాక్టస్ జాతి మొక్క, ఇది పూర్తిగా వేరు. కోయకండి, ఎవరైనా కోసి అమ్మినా కొనకండి. పైన రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నానికి దిగడం మొదలుపెట్టాలి.

2025 మార్చిలో కేంద్రం గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్‌కి 12.4 కిలోమీటర్ల రోప్‌వేకి ఆమోదం తెలిపింది. అక్క లాంటివాళ్లకి అది వరమే, కాదనను. కానీ ఘాంగరియా ఒక్క వీధిలో ఇప్పుడు వస్తున్న జనానికే చెత్త తీయడం కష్టంగా ఉంది, గుర్రాలు, కండీల మీద బతికే కుటుంబాలున్నాయి. రోజుకి ఇంతమందే అని లోయకి ఒక లెక్క పెట్టాకే ఆ తీగలు వేయాలని నా కోరిక.

వెళ్లేముందు ఉత్తరాఖండ్ ప్రభుత్వ యాత్రా రిజిస్ట్రేషన్ చేసుకోండి, బద్రీనాథ్‌కీ హేమకుండ్‌కీ అది అడుగుతారు. గోవింద్‌ఘాట్ నుంచి బద్రీనాథ్ 25 కిలోమీటర్లే కాబట్టి ట్రెక్ అయ్యాకే అక్కడికి వెళ్లండి, అక్కడి వేడినీటి గుండం తప్తకుండంలో స్నానం చేస్తే కాళ్ల నొప్పులు సగం తగ్గుతాయి. రిటర్న్ రైలుకి, విమానానికి ముందు హరిద్వార్‌లోనో ఋషికేశ్‌లోనో ఒక పగలు ఖాళీగా ఉంచుకోండి. మేం దిగేటప్పుడు చరియ పడి దారి మధ్యాహ్నం దాకా మూసేశారు, మా వెనక కారులోవాళ్లకి ఆ రాత్రే ఢిల్లీలో రైలు ఉంది.