ఆమె నోటుబుక్కు పట్టుకొని సాగర్‌కు

మా ఆవిడ సోషల్ టీచరు. పల్నాడులో మూడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో కలిపి 29 ఏళ్లు పాఠాలు చెప్పింది. ఏటా డిసెంబరులోనో, సంక్రాంతి సెలవుల తర్వాతనో పిల్లలను బస్సెక్కించి నాగార్జునసాగర్ తీసుకెళ్లేది. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్తే మళ్లీ రాత్రి పదకొండుకు, గొంతు బొంగురుపోయి, చెప్పుల నిండా దుమ్ముతో ఇల్లు చేరేది. “ఈసారైనా మీరూ రండి” అని ప్రతిసారీ అడిగేది. నాకేమో బ్యాంకులో నెలాఖరు లెక్కలు, లేదంటే సెలవు దొరకకపోవడం. అసలు సంగతి, నలభై మంది పిల్లల గోల భరించడం నా వల్ల కాదనుకున్నాను. ఒక్క ఏడూ వెళ్లలేదు.

ఆమె పోయి నాలుగేళ్లు. బీరువా సర్దుతుంటే 200 పేజీల నోటుబుక్కు ఒకటి దొరికింది. అట్ట మీద ‘విహారయాత్ర’ అని ఉంది. ఏడాదికి రెండు పేజీల చొప్పున లెక్కలు. డబ్బు కట్టిన పిల్లల పేర్లు, కట్టలేని వాళ్ల పేర్లు. కట్టలేని వాళ్ల పేరు పక్కన చిన్నగా ‘నేను’ అని ఉంది. ఆ ‘నేను’లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. ఏటా జనవరిలో మా ఇంట్లో జీతం ఎందుకు సరిపోయేది కాదో అప్పుడు తెలిసింది. ప్రతి ఏడాది చివరా ఒక ‘గమనిక’ ఉంది. ఈ డిసెంబరులో ఆ గమనికలనే దారి చూపించమని బయలుదేరాను.

నరసరావుపేట నుంచి మాచర్లకు ఆర్టీసీ బస్సు. బస్సు గురించి ఫిర్యాదేమీ లేదు. ఫిర్యాదంతా మాచర్లలో దిగిన లాడ్జి మీదే. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం ‘ఇప్పుడే వస్తాయి’ అంటూ ఉదయం దాకా రాలేదు. పక్క వీధిలో పెళ్లి బ్యాండు రెండింటి దాకా మోగింది. రాత్రి బస మాచర్లలో పెట్టుకోవద్దు. ఇక్కడి నుంచి పాతిక కిలోమీటర్లు ముందుకెళ్లి సాగర్‌లోనే దిగండి. ఇడ్లీ మాత్రం మాచర్లలో బాగుంది, కారప్పొడి మరీ బాగుంది. అయితే నోటుబుక్కులో ఇలా ఉంది: ‘టిఫిను మాచర్లలో పెట్టించకూడదు. దిగాకే. (2007: తొమ్మిది వాంతులు)’. నేను నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఏమీ కాలేదు.

జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండకు లాంచీ ఎక్కేది విజయపురి సౌత్ రేవులో. ‘శుక్రవారం మ్యూజియం సెలవు’ అన్న మాట కింద మా ఆవిడ రెండు గీతలు గీసింది. ఏదో ఒక ఏడు శుక్రవారమే వెళ్లి ఉంటుంది పాపం. నేను బుధవారం వెళ్లాను, అయినా గంటన్నర కూర్చున్నాను. జనం నిండితేనే లాంచీ కదులుతుంది. ఎప్పుడు కదులుతుందని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. సమయాల బోర్డు మీద అంకెలు ఎండకు వెలిసిపోయాయి. నాకిచ్చిన లైఫ్ జాకెట్టుకు ఒక పట్టీ లేదు, దారంతో ముడేశారు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ ఒక్కటి ముందే చూసుకోవాలి. ఆమె అయితే జాకెట్టు మార్చందే లాంచీని కదలనిచ్చేది కాదు.

లాంచీ కదిలాక సుమారు గంట ప్రయాణం. ఆ గంట కోసమే రావచ్చు. చుట్టూ కొండలు, మధ్యలో నీళ్లు. కానీ ఆమె పిల్లలకు చూపించింది నీళ్లను కాదు, వాటి కింద ఉన్న ఊరిని. క్రీ.శ. మూడో శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన వాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకు తరలించారు. ఇప్పుడు మనం ద్వీపం అంటున్నది నిజానికి కొండ నెత్తి. ‘దీవి అని రాస్తే మార్కు ఇవ్వను’ అని ఆమె అనేదట. ఈ మాట నాకు చెప్పింది ఆమె శిష్యుడొకడు, మొన్న సంవత్సరీకానికి వచ్చినప్పుడు.

దిగాక లాంచీ వాళ్లు ఇచ్చే సమయం గంట. అది చాలదు. మ్యూజియం ఒక్కదానికే గంట పడుతుంది. బయట తిరిగి పేర్చిన స్నానఘట్టం, స్తూపాలు సరేసరి. పొద్దున్నే మొదటి లాంచీలో వచ్చి తర్వాతి దానిలో వెళ్లే వీలుంటుందేమో ముందే అడగండి. నేను అడగలేదు, పరుగులు పెట్టాను.

లోపల పల్నాటి సున్నపురాయి శిల్పాలు పాలలో కొంచెం పచ్చదనం కలిపినట్టు ఉంటాయి. ఆమె గమనికలో ఇక్కడ మూడు పేర్లున్నాయి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు, అతని తోబుట్టువు చాంతిసిరి, బోధిసిరి. పక్కన: ‘అన్న అశ్వమేధం చేశాడు. చెల్లెలు మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) కట్టించింది. ఆడపిల్లలకు గట్టిగా చెప్పాలి.’ బోధిసిరి రాణి కాదు, మామూలు ఉపాసిక, అంటే సంసారంలో ఉన్న బౌద్ధ భక్తురాలు. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా, వంగం ఇలా వరుసగా దేశాల పేర్లు వస్తాయి, ఆ దేశాలకు బౌద్ధ ధర్మం చేరవేసిన సింహళ ఆచార్యుల కోసం ఆమె కట్టించిన గుడి గురించి చెబుతూ. భూగోళం, చరిత్ర ఒకే రాయి మీద దొరికితే సోషల్ టీచరు వదులుతుందా? ఆ ఒక్క శాసనంతో రెండు పీరియడ్లు నడిపేదని ఆ శిష్యుడే చెప్పాడు.

ఆ తర్వాతి గమనిక ఛాయాస్తంభాల మీద. పోయినవాళ్ల జ్ఞాపకార్థం నాటిన రాళ్లు అవి. యుద్ధంలో చనిపోయిన సైనికులకు, సేనాపతులకు, ఒక శిల్పికి కూడా ఉన్నాయి. చాంతమూలుడు పోయాక అతని రాణులు, అక్కచెల్లెళ్లు కలిసి నిలబెట్టించిన స్తంభం వీటిలో పేరున్నది. ‘పిల్లలు ఇక్కడ ఆగరు, మొసళ్ల దగ్గరికి ఎప్పుడు వెళ్తామని అడుగుతారు’ అని రాసుకుంది. నేను ఆగాను. భార్య పోతే భర్త పెట్టించిన స్తంభం ఏదైనా ఉందా అని అక్కడి కాపలా ఆయనను అడిగాను. “బోర్డు మీద రాసిందే నాకు తెలుసండీ” అన్నాడాయన. బోర్డు చదివాను. అందులో లేదు. ఇంతలో లాంచీ హారన్ మోగింది.

మధ్యాహ్నం రేవు దగ్గర వేయించిన చేప, అన్నం. చేప తాజాది, కారం ఎక్కువ. రాత్రికి ఆనకట్ట అవతల హిల్ కాలనీలో గది తీసుకున్నాను. మాచర్ల లాడ్జికి రెట్టింపు అద్దె. కానీ వరండాలో కుర్చీ వేసుకుంటే జలాశయం కనిపిస్తుంది, నీళ్లు వేడిగా వస్తాయి, తొమ్మిదింటికల్లా చీమ చిటుక్కుమనదు. సగం ఖర్చు ఆ నిశ్శబ్దానికే అనుకుంటే గిట్టుబాటే. ఆనకట్టను దూరం నుంచే చూశాను. ఉన్న 26 గేట్లూ మూసే ఉన్నాయి. గేట్ల మీది నుంచి దూకే నీళ్లు చూడాలంటే కృష్ణకు వరద వచ్చే నెలల్లో రావాలి. ‘గేట్లు ఎత్తినప్పుడు మాకు పరీక్షలు, మాకు తీరిక దొరికితే గేట్లు మూత’ అని ఒక ఏడాది పేజీలో విసుక్కుంది.

మర్నాడు ఉదయం బుద్ధవనం అనే బౌద్ధ థీమ్ పార్కు. 2022లో తెరిచారు, 274 ఎకరాలు. ఆమె చూడలేదు. చోటును అంచనా కట్టడానికి ఆమె కొలమానాలు మూడే: తాగునీళ్లు, నీడ, ఆడపిల్లల బాత్రూములు. శిల్పాలు ఎంత గొప్పవైనా ఈ మూడింటి తర్వాతే. అందుకని నేనూ ముందు అవే చూశాను. నేను వెళ్లిన రోజు మూడూ బాగున్నాయి. ఇక మహాస్తూపం విషయానికొస్తే, పాత రాళ్ల ముందు కలిగే బెరుకు కొత్త సిమెంటు ముందు కలగదు. అయినా బడి పిల్లలను తీసుకొచ్చేవాళ్లకు ఇక్కడే హాయి.

ఎత్తిపోతల జలపాతం దగ్గర అరగంట. చంద్రవంక వాగు 70 అడుగుల నుంచి దూకుతుంది. కింద మొసళ్లు. పిల్లలకు నచ్చుతుంది. నాకు కోతులు టీ బిస్కెట్టు లాక్కుపోవడమే గుర్తుంది.

చివరికి అనుపు. బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకోవాలి, రానూపోనూ బేరం ముందే తేల్చుకోండి. లోయలోంచి రాయి రాయీ తెచ్చి మళ్లీ పేర్చిన రంగస్థలం ఇక్కడుంది. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో ఖాళీ స్థలం. నోటుబుక్కులో: ‘మధ్యలో నిలబడి హాజరు పిలిస్తే పై మెట్టుకు వినిపిస్తుంది. మైకు అక్కర్లేదు.’

మిట్టమధ్యాహ్నం. నేనూ, పై మెట్టు మీద ఫోను చూసుకుంటున్న ఆటో అబ్బాయీ తప్ప ఎవరూ లేరు. మధ్యలోకి దిగి 1998 పేజీ తీసి పేర్లు చదవడం మొదలుపెట్టాను. గట్టిగా కాదు, ఇంట్లో మాట్లాడినట్టే. ఆరో పేరుకు ఆటో అబ్బాయి ఫోను దించాడు. పదో పేరుకు చెయ్యెత్తి “ప్రెజెంట్ సార్” అన్నాడు నవ్వుతూ. నాకూ నవ్వొచ్చింది. మొత్తం 41 పేర్లు చదివాను. అతను ప్రతి పేరుకూ పలికాడు.

ఆ పేజీ అడుగున గమనిక ఇది: ‘అనుపులో నీడ లేదు. టోపీలు తెమ్మని ముందే చెప్పాలి.’

మెట్టు మీద కూర్చుని, ఆమె అక్షరాల కింద పెన్నుతో రాశాను: ‘ఇప్పటికీ లేదు. టోపీ మరిచిపోయాను.’